ఒక చెవి తెగితే రెండు కుట్టారెందుకు?

తొమ్మిదో భాగం

పోయిన వారం బొమ్మక్కను వంటింటి గడప మీద వదిలాం. కూతురి చెవుల నుంచి తీసిన సీసపు కుణుకులు ఆమె చేతిలో ఉన్నాయి. అత్త వీరమ్మాళ్ ఎదురుగా నిలబడి ఉంది.

వెనకటి సంగతి తెలియనివాళ్లకు నాలుగు మాటలు. పుదూరు పక్క నల్లరేగడి పల్లెలో దామోదరసామి పెళ్లాం బొమ్మక్క. పత్తి ఏరే కాలంలో ఆమె చెవికి వేలాడే తండట్టి బండి గూటానికి చిక్కుకుని కుడి చెవి తమ్మె తెగిపోయింది. చీము పట్టింది. జ్వరం తలకెక్కింది. ఇక దక్కదనుకున్నాక మొగుడు విరుదునగరం మిషను ఆస్పత్రికి తీసుకుపోయాడు. మనిషి దక్కింది. కాని భుజాలు తాకే చెవులతో పోయిన మనిషి పొట్టి చెవులతో తిరిగొచ్చింది. ఆ సీమలో వేదంలో, అంటే కిరస్తానంలో, కలిసిన ఆడది మొదట చేసే పని ఏమిటో అందరికీ తెలుసు. సాగిన చెవులు కోయించి కుట్టించుకోవడం. మెడలో శిలువ దాచుకోవచ్చు, చెవి దాచుకోలేరు. అందుకని ఇంట్లో ఒకటే ప్రశ్న లేచింది. తెగింది ఒక చెవి కదా, రెండూ కుట్టారెందుకు? బొమ్మక్క నోరు విప్పలేదు. ఆమె విప్పకపోయేసరికి వీరమ్మాళ్ తన పద్ధతిలో తాను బదులిచ్చింది. తల్లి ఇన్నాళ్లూ వాయిదా వేస్తూ వచ్చిన పనిని పూనుకుని చేయించింది. మనవరాలు చిన్నతాయికి చెవులు పొడిపించి, తమ్మెలు సాగడానికి సీసపు కుణుకులు వేలాడదీసింది. తల్లి చెయ్యి జారినా పిల్ల మన చెవులతో మిగలాలని ఆవిడ పంతం.

ఆ గాయాలే ఇప్పుడు చీము కారుతున్నాయి.

"ఎవరు తియ్యమన్నారే?" అంది వీరమ్మాళ్. గొంతు ఇంకా పెరగలేదు. పెరగబోయే ముందు ఆవిడ గొంతు అలాగే ఉంటుంది. "ఆ డాక్టరమ్మా? ఆ బైబిలు చదివే తంగమ్మా?"

"చీము తియ్యమనింది అత్తా."

"మాకు రాని చీమా? నాకు పొడిచినప్పుడు రెండు చెవులూ గుమ్మడికాయలైనాయి. వేపాకూ పసుపూ నూరి పెట్టినారు, మానిపోయినాయి. మేము విరుదుపట్టికి పోయినామా? నెత్తిన నీళ్లు పోయించుకున్నామా?"

ఊరు పేరు మార్చుకుని విరుదునగరం అయినా వీరమ్మాళ్ నోట్లో అది విరుదుపట్టే. ఆవిడ నోట్లో ఏదీ మారదు.

"నేను పోయించుకున్నానని ఎవరు చెప్పినారు?"

"నీ చెవులు చెప్తా ఉండాయి. ఊరంతా వింటా ఉండాది. నువ్వు ఒక్కదానివే చెవిటిదానివి."

బొమ్మక్క కుణుకులు గూట్లో పెట్టి నడవలోకి నడిచింది. ఆమెకు అత్తతో వాదించే ఓపిక లేదు. పొద్దున చిన్నతాయి గంజి తాగలేదు. నోరు నొస్తోందమ్మా అంది. ఎండలో ఆడి వచ్చిందిలే అనుకున్నారు. ఇప్పుడు చాప మీద పడుకున్న పిల్ల పళ్లు బయటికి కనిపిస్తున్నాయి. నవ్వుతున్నట్టుంది. కళ్లు మాత్రం నవ్వడం లేదు. బొమ్మక్క చిటికెన వేలు పళ్ల సందులో పెట్టి తెరవబోయింది. తెరుచుకోలేదు.

ఆ నవ్వు ఆమె ఇంతకు ముందు చూసింది.

ఆస్పత్రిలో ఆమె ఉన్న వార్డు చివర ఒక చీకటి గది ఉండేది. కాలికి మేకు గుచ్చుకున్న గానుగవాణ్ణి అందులో పెట్టారు. కిటికీలకు కంబళ్లు కట్టారు. గుమ్మం దగ్గర తంగమ్మ కాపలా కూర్చుని, వచ్చేవాళ్లకు పెదవుల మీద వేలు పెట్టి చూపించేది. అతని ముఖం మీదా ఇదే నవ్వు. డాక్టరమ్మ కళ్లు మూసుకుని ప్రార్థన చేసి, కళ్లు తెరిచి సూది వేసింది. అతను నడిచి ఇంటికి పోయాడు. తర్వాత ఇదే జబ్బుతో ఒక చాకలి పడుచును తెచ్చారు. ఆలస్యంగా తెచ్చారు. ఆమె నడిచి పోలేదు.

ఆ రోజు బొమ్మక్క తంగమ్మను నిలదీసింది. "సూది నిజమైతే మొక్కు ఎందుకు? మొక్కు నిజమైతే సూది ఎందుకు? రెండు పడవల మీద కాళ్లా?" తంగమ్మ కోప్పడలేదు. "మీరు వాన కోసం మొక్కుతారు కదమ్మా. మొక్కి నాగలి అటక మీద పెట్టేస్తారా?" అని అడిగింది. మాట బాగుంది. బాగుందనే బొమ్మక్కకు అనుమానం వచ్చింది. ఇంత తియ్యగా మాట్లాడే మనిషి ఇంకేదో అడగబోతోంది. అడిగింది కూడా. ఇంటికి బయలుదేరే రోజు ఉదయం అడిగింది. ఆ మాటకు తనేమందో బొమ్మక్క ఇంతవరకూ ఎవరి దగ్గరా చెప్పలేదు.

"ఏమి, పిల్లకేమి?" అంటూ అరుగు మీది నుంచి బావ కృష్ణసామి లోపలికి వచ్చాడు. దామోదరసామికి అన్న. ఇంట్లో మాట చెల్లేది అతనిది. వెనకాలే దామోదరసామి వచ్చి స్తంభానికి ఆనుకున్నాడు. అతను ఎప్పుడూ ఆ స్తంభానికే ఆనుకుంటాడు.

"దవడ పట్టుకుంది బావా. ఈ జబ్బు నేను ఆస్పత్రిలో చూసినా. ఈ పొద్దే పోవాల. రేపంటే బిడ్డ దక్కదు."

"చూసిన జబ్బా, తెచ్చిన జబ్బా?"

"బావా!"

"లేదు, అడుగుతా ఉండా. నువ్వు పోయినప్పుడు లేదు. నువ్వు వచ్చినాక వచ్చింది. ఇప్పుడు మళ్లీ అక్కడికే రమ్మంటా ఉండాది. వలలో పెద్ద చేప పడితే పిల్ల చేప దానంతట అదే వస్తుందని వాళ్లకు తెలీదా?"

అనుమానం దూరిన ఇంట్లో ఆవలింత కూడా సాక్ష్యమే. వీరమ్మాళ్ కుంకుమ భరిణె తెచ్చింది. "కిట్నసామీ, జక్కమ్మ పేరు చెప్పి బొట్టు పెట్టు. లోపల ఏముండాదో తెలిసిపోతుంది."

కృష్ణసామి పిల్ల తల దగ్గర నిలబడ్డాడు. అతని గొంతు మామూలుగానే చేనుకు అవతలి గట్టు దాకా వినిపిస్తుంది. ఛాతీ నిండా గాలి పీల్చి పిలిచాడు.

"తల్లీ! జక్కమ్మా!"

చిన్నతాయి నడుము విల్లులా పైకి లేచింది. తలా మడమలూ మాత్రమే చాపకు ఆనాయి. పళ్లు బిగుసుకున్నాయి. గొంతులో నుంచి చిన్న మూలుగు వచ్చి అక్కడే ఆగిపోయింది. కాసేపటికి పిల్ల ఒళ్లు మెల్లగా చాప మీదికి దిగింది.

వీరమ్మాళ్ భరిణె నేల మీద పెట్టేసింది.

"చూసినారా?" అన్నాడు కృష్ణసామి. "పేరు వింటూనే ఎట్ల ఎగిరిందో చూసినారా? తల్లి పోసుకున్న నీళ్లు బిడ్డ ఒంట్లో చేరినాయి. అమ్మవారి పేరు ఓర్చుకోలేక ఉండాది."

నిజం చెప్పాలంటే, ఒక్క క్షణం బొమ్మక్క కూడా నమ్మింది. తన నోటి నుంచి ఆస్పత్రిలో ఏ మాట జారిందో, ఆ మాట పాముపిల్లలా వెంట వచ్చి తన బిడ్డను చుట్టుకుందేమోనని భయం పట్టుకుంది. డాక్టరమ్మ దగ్గర చెయ్యి జోడించిన మాట నిజం. కత్తి కనిపించగానే పెరుమాళ్‌ను పిలిచింది, జక్కమ్మను పిలిచింది, అక్కడ గోడ మీద ఉన్న ఆయన్నీ పిలిచింది. ముగ్గురిలో ఎవరికి కోపం వచ్చిందో ఎవరికి తెలుసు?

కృష్ణసామి మళ్లీ ఛాతీ నింపుకున్నాడు. "జక్కమ్మా!"

పిల్ల మళ్లీ విల్లయింది. ఈసారి పెదవి చివర నురగ కనిపించింది.

అప్పుడు బొమ్మక్కకు గుర్తొచ్చింది, పెదవుల మీద తంగమ్మ పెట్టుకున్న వేలు. ఆ చీకటి గది. ఆ వరండాలో అందరూ చెప్పులు చేతిలో పట్టుకుని నడిచేవాళ్లు.

ఆమె పెరటి గడప దగ్గరికి పోయి ఇత్తడి బిందె ఎత్తుకొచ్చింది. ఏం చేస్తోందో ఎవరికీ అర్థం కాలేదు. ఆమెకు అర్థమైంది కాబట్టి చేతులు ఆడలేదు. చెయ్యబోయేది తన కడుపున పుట్టినదానికి. చెయ్యకపోతే వీళ్లు సాయంత్రం దాకా పిలుస్తూనే ఉంటారు. కళ్లు మూసుకుని బిందెను రాతి నేల మీద వదిలేసింది.

మోత మోగింది. చాప మీద పిల్ల అదే విల్లు. అంతే ఎత్తు, అదే నురగ.

బొమ్మక్క కొంగు నోట్లో కుక్కుకుంది. పిల్ల ఒళ్లు దిగేదాకా అలాగే ఉంది. తర్వాత గుసగుసగా అడిగింది.

"చెప్పు బావా. బిందెకు ఏ దేవుడుండాడు?"

కృష్ణసామి నోరు తెరిచాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "అరవద్దు. మీ కాళ్లు మొక్కుతా. ఎవరి పేరైనా సరే, గట్టిగా అంటే బిడ్డ ఇట్లే లేస్తుంది. ఊపిరి ఆగిపోతుంది."

ఆ ఇల్లు కట్టినప్పటి నుంచి అందులో పోట్లాటలు చాలా జరిగాయి. గుసగుసలతో జరిగినది ఇదొక్కటే. పొలం దిక్కు గొంతెత్తి బతికిన కృష్ణసామికి గుసగుస చేతకాదు. గాలి పోయిన తిత్తిలా బుసకొట్టాడు.

"సరే. జబ్బే అనుకో. రెండు చెవులూ యాల కుట్టినారో చెప్పు. అది చెప్పినాకే బండి కదిలేది."

బొమ్మక్క మొగుడి వైపు చూసింది. స్తంభం దగ్గర అతను లేడు. ఎప్పుడు పోయాడో కనబడలేదు.

"నేనే అడిగినా" అంది.

"ఏమడిగినావు?"

"ఈ పక్కది కూడా తీసెయ్యమ్మా అని డాక్టరమ్మను అడిగినా. ఒక పక్క బరువు పోయినాకే బావా, రెండో పక్క ఎంత బరువుండాదో తెలిసింది. పెండ్లినాటి నుంచి తల తిప్పితే మెడ లాగేది. వంగితే లాగేది. బిడ్డకు పాలిచ్చేటప్పుడు చెయ్యి పెట్టి పట్టుకునేదాన్ని. బరువు. అంతే. దాంట్లో ఏసూ లేడు, జక్కమ్మా లేదు."

"అంతేనా?"

"అంతే."

"అంతే అయితే ఇన్నాళ్లూ యాల దాచినావు?"

"అంతే అంటే మీరు నమ్మరు కాబట్టి."

వాళ్లు నమ్మలేదు. ఆడది తన ఒంటి మీది బరువు తానే దించుకుంటుందని నమ్మడం కన్నా, సీమ దాటి వచ్చిన దొరలు మంత్రం వేశారని నమ్మడం సులువు. వీరమ్మాళ్ తన చెవులు చేత్తో తడుముకుంది. భుజాల మీద తండట్లు ఊగాయి. ఆవిడ ముఖంలో ఏదో వచ్చి పోయింది. ఏమిటో చెప్పలేం.

బొమ్మక్క పిల్లను ఎత్తుకోవడానికి వంగింది. వంగగానే ముక్కుకు ఏదో తగిలింది. నూనె వాసన. వేపనూనె కాదు, నువ్వులనూనె కాదు. చందనమో అత్తరో కలిపిన నూనె. పిల్ల తమ్మెలు దానితో తడిసి జిగటగా ఉన్నాయి. దుమ్ము అంటుకుని నల్లగా ఉంది. ఆమె గూటి వైపు చూసింది. ఆస్పత్రిలో చిన్న సీసాలో పోసిచ్చిన ఊదా పొడి నీళ్లలో కలిపి రోజూ పిల్ల చెవులు కడుగుతోంది. ఆ సీసా బోర్లించి ఉంది.

"అత్తా, ఇది ఏమి నూనె?"

వీరమ్మాళ్ చీర కుచ్చిళ్లు సర్దుకుంది.

"అత్తా!"

"మెల్లగా అడగమన్నది నువ్వే కదా, మెల్లగా అడుగు" అంది వీరమ్మాళ్. తర్వాత తల పక్కకు తిప్పుకుని, "కోవిల్పట్టి నూనె" అంది.

"కోవిల్పట్టిలో ఎవరి నూనె?"

"పొన్నయ్య అయ్యగారు మొక్కి ఇచ్చింది."

కృష్ణసామి అరుగు దాకా వినబడేలా అరవబోయి, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. కోవిల్పట్టి సంతలో పందిరి వేసి, కుంటివాళ్లను నడిపిస్తాను, గుడ్డివాళ్లకు చూపిస్తాను అని పెద్ద గొంతుతో ప్రార్థన చేసే ఆ పొన్నయ్యను తెలియనివాళ్లు ఆ చుట్టుపట్ల లేరు. "అమ్మా! నువ్వు కళుగుమలై గుడికి మొక్కు తీర్చను పోతా ఉండానని కదా చెప్పి పోయినావు!"

"కళుగుమలైకీ పోయినా. వచ్చే దారిలో కోవిల్పట్టిలో దిగినా."

"ఆయన వేదక్కారుడు కాదా అత్తా?" అంది బొమ్మక్క. నవ్వో ఏడుపో ఆమెకే తెలియలేదు. "నన్ను వేదక్కారి అని నా చేతి నీళ్లు కూడా ముట్టనిది నువ్వే కదా!"

"ఆయన కత్తి పట్టడు!" వీరమ్మాళ్ గుసగుస కూడా కొరడాలా ఉంది. "నూనె పైపైన ఉంటుంది. సీకాయ పెట్టి రుద్దితే పోతుంది. నీ డాక్టరమ్మ కోస్తుంది. కోసిన సందులో నుంచే కదే వేదం లోపలికి పోయేది! నా బిడ్డ ఒంట్లో సందు పెట్టకుండా బాగు చేసేవాడు ఎవరైతే నాకేమి? ఎవరి దేవుడైతే నాకేమి? నువ్వు చేతకాక నిలబడి ఉండావు, నేను పోయి అడుక్కున్నా."

"నా సీసా?"

"మందు తాకిన ఒంట్లో నూనె పని చెయ్యదన్నాడు. సీసా పట్టుకున్న చెయ్యి దేవుణ్ణి పట్టుకోలేదన్నాడు. పారబోసినా."

తియ్యటి మాట ఒకరిది, కరుకు మాట ఒకరిది. ఒకాయన సీసా పారబొయ్యమంటాడు, ఒకావిడ సీసా ఇచ్చి చేతులు జోడించమంటుంది. ఇద్దరూ ఒకే పుస్తకం పట్టుకున్నవాళ్లు. మధ్యలో పిల్ల చెవిలో చీము.

బొమ్మక్కకు కోపం రావాలి. రాలేదు. ముసలామె బస్సులో కూర్చుని, ఎవరైనా చూస్తారేమోనని కొంగు ముఖానికి కప్పుకుని, తనకు అసహ్యమైన వాడి ముందు చెయ్యి చాచి ఉంటుంది. మనవరాలి కోసం. తను ఆస్పత్రిలో చేసిందీ అంతకన్నా పెద్దదేం కాదు.

"ఇంట్లో ఒక వేదమని తంటాలు పడతా ఉంటే రెండు వేదాలు తేలినాయి" అన్నాడు కృష్ణసామి, నుదురు కొట్టుకుంటూ.

"అత్తా, నూనె పెట్టినందుకు నేను ఏమీ అనను" అంది బొమ్మక్క. "దారి మాత్రం వదులు."

వీరమ్మాళ్ దారి వదల్లేదు. అడ్డం కూడా నిలబడలేదు. గుంజ పట్టుకుని కూర్చుండిపోయింది. పిల్లను ఎత్తుకుని బొమ్మక్క ఆవిడ మోకాళ్ల పక్క నుంచి బయటికి వచ్చింది.

బయట దామోదరసామి బండి కట్టి నిలబడి ఉన్నాడు. గడ్డి మెత్తగా పరిచాడు. గూడు చుట్టూ తడిపిన గోనెలు కట్టి వెలుగు రాకుండా మూశాడు. ఎద్దుల మెడల్లో మువ్వలు లేవు. విప్పి అరుగు మీద పెట్టాడు. బిందె పడినప్పుడు అతను కూడా అర్థం చేసుకున్నాడన్న మాట! ఇన్నాళ్లకు ఈ మనిషి స్తంభం వదిలాడు.

బండి కదిలింది. పత్తి చేల మధ్య నల్లటి బాట మెత్తగా ఉంది. చక్రాలు పెద్దగా మోగలేదు. ఒళ్లో పిల్ల చెవుల్లో బొమ్మక్క దూది పెట్టి, పైన అరచేతులు మూసింది. గట్టు మీద పిట్ట అరిచినా ఆ చిన్న వీపు బిగుసుకుంటోంది. ఆమె దేవుళ్లను పిలవలేదు. ఈసారి ఎవరినీ పిలవలేదు. ఎవరిని పిలిస్తే ఎవరు అలుగుతారోనన్న భయం ఇంకా పోలేదు.

పుదూరు రోడ్డు వచ్చింది. ఎడమకు పోతే ఎట్టయాపురం, అది దాటితే కోవిల్పట్టి. కుడికి పోతే అరుప్పుకోట, అది దాటితే విరుదునగరం. అక్కడ దామోదరసామి ఎద్దుల్ని ఆపాడు.

"ఎందుకు ఆపినావు మావా?"

అతను వెనక్కి తిరగలేదు. ఎద్దుల వీపులు చూస్తూ, గొంతు దించి మాట్లాడాడు.

"అమ్మ ముందర అడగలేదు. అన్న ముందర అడగలేదు. ఇక్కడ ఎవరూ లేరు. నువ్వు ఆస్పత్రి వదిలి వచ్చిన పొద్దు నేను బండితో వాకిట్లో కాచుకుని ఉండా. నువ్వు తల తడిసి బయటికి వచ్చినావు."

ఇన్నాళ్లూ ఇతను ఇది మనసులో పెట్టుకుని, స్తంభానికి ఆనుకుని, అందరి అనుమానాలూ వింటూ ఉన్నాడా?

"తల అంటుకున్నావో, వాళ్లు పోసినారో నాకు తెలీదు. చెప్పు. పోసినారా?"

"పోసినారంటే ఎద్దుల్ని ఎటు తిప్పుతావు?"

పగ్గాలు కదిలిన చప్పుడు వినబడింది.

"లేదంటే ఎటు తిప్పుతావు?"

ఒక ఎద్దు తోక విదిల్చింది.

"అయితే నువ్వే చెప్పు మావా" అంది బొమ్మక్క. గుసగుస కాబట్టి అందులో కోపం వినబడలేదు. "ఏ మాట చెప్తే బండి విరుదునగరం పక్కకు తిరుగుతుందో ఆ మాట చెప్పు. అదే అంటా. పోసినారనాలా, పోసినారు. లేదనాలా, లేదు. జక్కమ్మ మీద ఆన పెట్టమంటే పెడతా, వాళ్ల పుస్తకం మీద పెట్టమంటే పెడతా. నీకు నిజమే కావాలంటే, బిడ్డ నోరు తెరిచి నన్ను అమ్మా అని పిలిచినాక అడుగు. అప్పుడు చెప్తా. ఇప్పుడు నా దగ్గర నిజం లేదు. బిడ్డ ఒక్కటే ఉండాది."

నొగలు పైకి లేచినట్టు బండి ఊగింది. అతను కిందికి దిగాడు. అడుగుల చప్పుడు ఎద్దుల ముందుకు పోయి ఆగింది. ముక్కుతాడు పట్టుకుని ఉంటాడు. ఏ ఎద్దు ముక్కుతాడో, ఏ పక్కకు లాగుతున్నాడో గోనెల చాటున ఆమెకు కనబడదు.

మధ్యాహ్నం దాటిన ఎండ ఇంతసేపూ ఎదురుగా ఉంది. బండి కుడికి తిరిగితే ఆ ఎండ ఎడమ గోనె మీదికి రావాలి. ఎడమకు తిరిగితే కుడి గోనె మీదికి వస్తుంది. వస్తే బిడ్డను భుజాన వేసుకుని దూకెయ్యాలి. ఎంత దూరమైనా నడవాలి. బొమ్మక్క ఒక కాలు గడ్డిలో నుంచి తీసి బండి అంచు మీద పెట్టుకుంది.

చక్రం రాయి ఎక్కి దిగింది. బండి తిరగడం మొదలైంది.